కన్సెన్సస్ అంటే అందరూ అవునన్నారనేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

మీటింగుల్లో మినిట్స్, అంటే ఏం చర్చించారో ఏం నిర్ణయించారో నమోదు చేసే కాగితం, రాయడం చాలా ఏళ్లుగా నా పనిలో భాగం. అందులో నేను ఎక్కువసార్లు రాసిన ఇంగ్లీషు మాట ఏదంటే కన్సెన్సస్ అనే చెప్పాలి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు, ఇంగ్లీషులో ఈమెయిళ్లు రాసేవాళ్లు, పరీక్షలకి చదువుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే కాబట్టి అన్నీ ఒకచోట పెడుతున్నాను. కొన్నిటికి జవాబు రెండు లైన్లే, కొన్నిటికి చాలా ఉంది.

ఒక్క ముక్కలో చెప్పండి, కన్సెన్సస్ అంటే ఏమిటి?

నలుగురూ కూర్చుని మాట్లాడుకుని, ఎవరి అభ్యంతరాలు వాళ్లు చెప్పుకుని, చివరికి "సరే, ఇలాగే చేద్దాం" అని అందరూ ఒప్పుకోగలిగిన చోటికి రావడం. ఆ "ఒప్పుకోగలిగిన" దగ్గరే ఈ మాట ప్రాణమంతా ఉంది. అందరికీ ఆ నిర్ణయం బాగా నచ్చి ఉండాలని లేదు. నా మొదటి ఇష్టం వేరే కావచ్చు, అయినా దీనితో నేను ముందుకు నడవగలను, దీన్ని ఆపాల్సినంత కారణం నా దగ్గర లేదు అని ప్రతి ఒక్కరూ అనుకోగలిగితే అది కన్సెన్సస్. అంతర్జాతీయ ప్రమాణాలు తయారుచేసే ఐఎస్ఓ నిర్వచనం కూడా దాదాపు ఇదే: ముఖ్యమైన విషయాల మీద పట్టు వదలని వ్యతిరేకత ఉండకూడదు, సంబంధం ఉన్న అందరి అభిప్రాయాల్నీ లెక్కలోకి తీసుకుని ఉండాలి, ఒకదానికొకటి పొసగని వాదనల్ని సర్దే ప్రయత్నం జరిగి ఉండాలి. అంతా చెప్పి, కన్సెన్సస్ అంటే ఏకగ్రీవం కానక్కర్లేదని విడిగా ఒక ముక్క చేర్చారు. ఆ చివరి ముక్క అర్థమైతే ఈ మాట సగం వచ్చేసినట్టే.

తెలుగులో "ఏకాభిప్రాయం" ఉందిగా, అదీ ఇదీ ఒకటే కదా?

పత్రికల్లో, డిక్షనరీల్లో కన్సెన్సస్‌కి ఏకాభిప్రాయం అనే రాస్తారు, నేనూ అదే వాడతాను, వేరే మాట వెతుక్కోమని చెప్పను. కానీ ఆ మాటని విడగొట్టి చూస్తే "ఒకే అభిప్రాయం" అని వస్తుంది. మనవాళ్లు ఇంగ్లీషులో కన్సెన్సస్ అన్నప్పుడు పొరపాటు పడేది ఎక్కువగా ఇక్కడే అని నాకనిపిస్తుంది. అందరి బుర్రలో ఒకే ఆలోచన ఉండాలి, ఒక్కరికి తేడా వచ్చినా కన్సెన్సస్ లేనట్టే అనుకుంటారు. లేదంటే దానికి పూర్తిగా ఎదురు, గదిలో ఎవరూ కాదనలేదు కాబట్టి అందరిదీ ఒకే అభిప్రాయం అని తేల్చేస్తారు.

మన భాషలో నాకు చాలా నచ్చేది ఏమిటంటే, నామవాచకం దారి తప్పించినా దాని పక్కన మనం వాడే క్రియ దాన్ని సరిదిద్దుతుంది. మనం "ఏకాభిప్రాయం కుదిరింది" అంటాం. బేరం కుదిరింది, పొత్తు కుదిరింది, ముహూర్తం కుదిరింది అన్నట్టే. కుదరడం అంటేనే ఎవరో కాస్త ఇటు జరిగారు, ఇంకెవరో కాస్త అటు జరిగారు, మధ్యలో ఒకచోట నిలబడింది అని. అచ్చంగా కన్సెన్సస్ అంటే అదే. అందుకే ఎవరైనా ఈ మాటకి అర్థం అడిగితే "ఏకాభిప్రాయం" అని ఊరుకోకుండా "అందరికీ కుదిరిన మాట" అని కూడా చెబుతాను. మామూలుగా మాట్లాడేటప్పుడు "అందరూ ఒక మాట మీదికి వచ్చారు" అన్నా సరిగ్గా సరిపోతుంది.

ఇక ఏకగ్రీవం వేరు. గ్రీవం అంటే మెడ. అందరిదీ ఒకటే మెడ అయినట్టు ఒక్కసారిగా తలూపడం. అది ఇంగ్లీషులో యునానిమస్‌కి సరిపోయే మాట.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

లాటిన్ నుంచి. "కాన్" అంటే కలిసి, "సెంటిరే" అంటే అనుభూతి చెందడం, తోచడం. రెండూ కలిస్తే "కలిసి ఒకలా తోచడం". సెన్స్, సెంటిమెంట్, కన్సెంట్, డిసెంట్ అన్నీ ఆ సెంటిరే పిల్లలే. డిసెంట్ అంటే విడిగా తోచడం, అంటే అసమ్మతి. ముక్కకి ముక్క పెట్టి చూస్తే మన "సహానుభూతి" కూడా ఇదే కట్టుబడి, సహ ప్లస్ అనుభూతి, అర్థం మాత్రం వేరే దారిలో పోయింది. నేను ఈ పోలికని ఇష్టంగా చెబుతాను, ఎందుకంటే ఈ మాట వేరులో చేతులు లెక్కపెట్టడం లేదు, పక్కవాళ్లకి ఏం తోస్తోందో పట్టించుకోవడం ఉంది.

చట్టం చదివేవాళ్లకి "కన్సెన్సస్ ఆడ్ ఇడెమ్" అనే లాటిన్ పదబంధం ఎదురవుతుంది. ఒప్పందం చేసుకునే ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుని ఉండాలి అనే సూత్రం. సంతకం ఒకటే అయినా ఒకరు ఒక వస్తువు గురించి, ఇంకొకరు ఇంకో వస్తువు గురించి అనుకుంటూ సంతకం పెడితే అక్కడ ఒప్పందమే లేదని వాదించవచ్చు.

స్పెల్లింగ్ ఎప్పుడూ తప్పు పోతోంది. గుర్తుపెట్టుకోవడం ఎలా?

రెండో ముక్కని "సి"తో మొదలుపెట్టడం అందరూ చేసే తప్పు, ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవాళ్లు కూడా చేస్తారు. కారణం జనాభా లెక్కల సెన్సస్. ఆ మాట, దీని చివరి భాగం వినడానికి అచ్చం ఒకేలా ఉంటాయి, కానీ వాటికి చుట్టరికం లేదు. సెన్సస్ వేరే లాటిన్ క్రియ నుంచి వచ్చింది, దానికి లెక్కగట్టడం, మదింపు వేయడం అని అర్థం. మీరు రాసేటప్పుడు సెన్స్ అనే మాటని తలుచుకోండి, చివరి "ఈ" తీసేసి ముందు "కాన్", వెనక "యు, ఎస్" తగిలించండి. మొదటి అక్షరం తప్ప ఇంకెక్కడా "సి" రాదు. "ఎస్" మూడుసార్లు వస్తుంది.

పలకడం?

నొక్కు మధ్యలో ఉన్న "సెన్" మీద పడాలి. మొదటి "కన్" తేలిగ్గా, దాదాపు మింగేసినట్టు. మనం అలవాటుగా మొదటి అక్షరాన్ని నొక్కుతాం, అలా అన్నా అర్థమవుతుంది, టెన్షన్ పడక్కర్లేదు.

యునానిమిటీకి, కన్సెన్సస్‌కి తేడా ఎందుకు అంత పట్టించుకోవాలి?

రెండూ ఒకటే అనుకుంటే పని ఆగిపోతుంది, చరిత్రలో ఆగిపోయింది కూడా. పోలండ్, లిథువేనియా కలిసి ఒకే రాజ్యంగా ఉన్న రోజుల్లో వాళ్ల పార్లమెంటులో లిబరమ్ వీటో అని ఒక హక్కు ఉండేది. ఒక్క సభ్యుడు లేచి "నేను ఒప్పుకోను" అంటే చాలు, సమావేశం రద్దయి అందులో చేసిన తీర్మానాలన్నీ పోయేవి. 1652లో ఒక్క సభ్యుడి కాదు అనే మాటతో సమావేశం చెడిపోయింది, ఆ తర్వాత అది అలవాటైంది, బయటి దేశాలు ఒక సభ్యుడికి డబ్బిచ్చి కొనేసినా సరిపోయే పరిస్థితి వచ్చింది. 1791 రాజ్యాంగంతో దాన్ని తీసేశారు, అప్పటికి రాజ్యం బాగా బలహీనపడిపోయింది. ఒక్కరి "కాదు"కి కారణం చెప్పాల్సిన పని లేకుండా పూర్తి బలం ఇస్తే ఏమవుతుందో చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెబుతాను.

కన్సెన్సస్‌లో "కాదు" అన్నవాళ్లు కారణం చెప్పాలి, మిగతావాళ్లు ఆ కారణాన్ని వినాలి, ప్రతిపాదనని మార్చి చూడాలి. యునానిమిటీలో చివరి లెక్క ముఖ్యం, కన్సెన్సస్‌లో ఆ లెక్క దాకా వచ్చిన దారి ముఖ్యం.

మరి మెజారిటీ?

పది మందిలో ఆరుగురు చేతులెత్తితే అది మెజారిటీ, కన్సెన్సస్ కాదు. మిగతా నలుగురినీ ఎవరూ ఏమీ అడగలేదు. ఓటింగ్ తప్పని నేను అనను, చాలాచోట్ల అదే న్యాయమైన దారి, త్వరగా తేలుతుంది కూడా. ఓటు వేసి గెలిచాక మాత్రం దాన్ని కన్సెన్సస్ అని రాయకండి.

కాంప్రమైజ్, కన్సెంట్, అగ్రిమెంట్... ఇవన్నీ?

అగ్రిమెంట్ అన్నిటికన్నా వెడల్పయిన మాట, ఇద్దరి మధ్య రాతపూర్వక ఒప్పందం నుంచి "అవును, నిజమే" అని తలూపడం దాకా అన్నీ అందులో పడతాయి. కాంప్రమైజ్ అంటే రాజీ, ప్రతి పక్షమూ ఏదో ఒకటి వదులుకోవడం. కన్సెన్సస్‌కి వచ్చే దారిలో రాజీ ఉండవచ్చు, ఉండకపోవచ్చు కూడా, ఒక్కోసారి మాట్లాడుతూ ఉండగానే ఎవరికీ ముందు తట్టని మూడో మార్గం దొరుకుతుంది, అక్కడ ఎవరూ ఏమీ వదులుకోలేదు. కన్సెంట్ అంటే సమ్మతి, అనుమతి, అది ఒక్కొక్కరు విడివిడిగా ఇచ్చేది. ఆపరేషన్‌కి ముందు పేషెంట్ ఇచ్చేది కన్సెంట్. దాన్ని కన్సెన్సస్ అనలేం, ఎందుకంటే అక్కడ గుంపు లేదు.

వాక్యంలో ఎలా వాడాలి? ఏ క్రియలు దీని పక్కన ఇముడుతాయి?

బాగా వినిపించేవి ఇవి: "రీచ్ ఎ కన్సెన్సస్", "అరైవ్ ఎట్ ఎ కన్సెన్సస్", "కమ్ టు ఎ కన్సెన్సస్", "బిల్డ్ కన్సెన్సస్". ఇందులో మొదటి మూడూ చివరికి చేరడాన్ని చెబుతాయి, "బిల్డ్" మాత్రం ఓపిగ్గా ఒక్కొక్కరితో మాట్లాడి మెల్లగా కూడగట్టడాన్ని చెబుతుంది, అందుకే "బిల్డ్" వాడినప్పుడు ముందు "ఎ" పెట్టకపోవడమే ఎక్కువ. "రీచ్" దగ్గర "ఎ" ఉన్నా లేకపోయినా తప్పు కాదు. "మేక్ ఎ కన్సెన్సస్", "టేక్ ఎ కన్సెన్సస్" అనకండి, తెలుగులో నిర్ణయం తీసుకోవడం అన్న అలవాటుతో "టేక్" వచ్చేస్తుంది.

తర్వాత వచ్చే చిన్న మాటలు కూడా చూసుకోవాలి. విషయం ముందు "ఆన్" వస్తుంది: "కన్సెన్సస్ ఆన్ ది బడ్జెట్". మనుషుల ముందు "అమంగ్" వస్తుంది: "కన్సెన్సస్ అమంగ్ ది మెంబర్స్". రెండే పక్షాలైతే "బిట్వీన్" అనొచ్చు. పూర్తి వాక్యం వస్తే "దట్": "దేర్ ఈజ్ ఎ కన్సెన్సస్ దట్ ది ప్లాన్ నీడ్స్ మోర్ టైమ్". నిర్ణయం ఎలా జరిగిందో చెప్పాలంటే "బై కన్సెన్సస్": "ది డెసిషన్ వాజ్ మేడ్ బై కన్సెన్సస్". ఇంకా కుదరలేదంటే "దేర్ ఈజ్ నో కన్సెన్సస్ యెట్", ఈ ఒక్క వాక్యం ఆఫీసు ఈమెయిళ్లలో ఎంత గౌరవంగా పనిచేస్తుందో, ఎవరి మీదా నింద పడకుండా ఉన్న పరిస్థితి ఉన్నట్టు చెప్పేస్తుంది.

దీన్ని నేరుగా క్రియగా వాడకండి. "వి కన్సెన్సస్డ్" అనే మాట లేదు.

"జనరల్ కన్సెన్సస్" అనకూడదంటారు, నిజమేనా?

కన్సెన్సస్‌లోనే "జనరల్" అర్థం ఉంది కాబట్టి మళ్లీ చెప్పడం అనవసరం అని వాడుక గురించి పట్టింపు ఉన్నవాళ్లు అంటారు. "కన్సెన్సస్ ఆఫ్ ఒపీనియన్" మీద కూడా అదే అభ్యంతరం. వాళ్ల మాటలో న్యాయం ఉంది, కానీ మంచి రచయితలు కూడా ఈ రెండూ వాడుతూనే ఉన్నారు, ఎవరూ తప్పు అర్థం చేసుకోరు. నా సలహా ఏమిటంటే పరీక్షలోనో రిపోర్టులోనో అయితే ఉత్త కన్సెన్సస్ చాలు, మాట్లాడేటప్పుడు నోటికి వస్తే వదిలేయండి. "బ్రాడ్ కన్సెన్సస్", "గ్రోయింగ్ కన్సెన్సస్", "రఫ్ కన్సెన్సస్" మాత్రం వేరు, అవి కొత్త సమాచారం ఇస్తున్నాయి, ఎంతమంది, ఏ దశలో, ఎంత గట్టిగా అని.

బహువచనం ఏమిటి? "కన్సెన్సై" అనొచ్చా?

అనకూడదు. లాటిన్‌లో కూడా ఈ మాట ఆ కోవలోది కాదు. ఇంగ్లీషులో "కన్సెన్ససెస్" ఉంది కానీ అవసరం పడేది చాలా అరుదు.

కన్సెన్సువల్ అంటే "కన్సెన్సస్ ఉన్న" అనేగా?

వ్యాకరణం ప్రకారం అలా వాడవచ్చు, వాడతారు కూడా. కానీ ఈ రోజుల్లో ఆ మాట వినగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఇద్దరు మనుషుల మధ్య పరస్పర సమ్మతితో ఉన్న సంబంధం. ఆఫీసు నిర్ణయం గురించి చెప్పేటప్పుడు అది ఎందుకు, "ఎ కన్సెన్సస్ డెసిషన్" అనండి. కన్సెన్ససే విశేషణంగా కూడా పనిచేస్తుంది: "కన్సెన్సస్ క్యాండిడేట్", "కన్సెన్సస్ వ్యూ".

ఎవరూ ఏమీ అనలేదు. కన్సెన్సస్ వచ్చినట్టేనా?

నన్ను అడిగిన వాటిలో నేను ఎక్కువసేపు మాట్లాడే ప్రశ్న ఇది.

మౌనం అర్ధాంగీకారం అంటాం. ఆ సామెతలో "అర్ధ" అనే ముక్క ఉంది చూడండి, దాన్ని మనం వాడేటప్పుడు మింగేస్తాం. సగం ఒప్పుకోలు అన్నారు పెద్దలు, మొత్తం అనలేదు. కొన్ని సంస్థలు మౌనాన్ని పూర్తి ఒప్పుకోలుగా తీసుకుంటాయి, కానీ ముందే రాసుకుని మరీ తీసుకుంటాయి. ప్రపంచ వాణిజ్య సంస్థని స్థాపించిన 1994 నాటి ఒప్పందంలో 9వ అధికరణం దగ్గర ఈ మాట స్పష్టంగా ఉంది: నిర్ణయం జరిగే సమయానికి సమావేశంలో హాజరైన సభ్యుల్లో ఎవరూ లాంఛనంగా అభ్యంతరం చెప్పకపోతే కన్సెన్సస్ ఉన్నట్టే. అక్కడికి వచ్చే ప్రతినిధులందరికీ ఈ నియమం తెలుసు, నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టు లెక్క అని తెలిసే కూర్చుంటారు. మన మామూలు మీటింగుల్లో అలాంటి ఒప్పందం ఎవరూ ముందుగా చేసుకోరు.

నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక మీటింగులో పని వేళలు మార్చే ప్రతిపాదన వచ్చింది. పెద్దాయన చెప్పారు, ఇద్దరు బాగుందన్నారు, "అందరికీ ఓకేనా" అని అడిగి రెండు సెకన్లు కూడా ఆగకుండా తర్వాతి విషయంలోకి వెళ్లిపోయారు. నేను "కన్సెన్సస్ వచ్చింది" అని రాశాను. మర్నాడు ఒకావిడ నా దగ్గరకి వచ్చి, "నేను ఒప్పుకున్నానని మీరెలా రాశారండీ, ఆ వేళల్లో మా అమ్మని చూసుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ ఉండరు" అన్నారు. ఆవిడ కోపంగా కూడా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నేను రాసిన ఒక్క మాట ఆవిడ అభ్యంతరాన్ని కాగితం మీద లేకుండా చేసేసింది. ఆ తర్వాత విషయం మళ్లీ మీటింగులోకి తెచ్చారు, ఆవిడకి వేరే వేళలు కుదిర్చారు, మొత్తం కలిపి పది నిమిషాలు పట్టింది. మొదటిరోజే ఆ పది నిమిషాలు పెట్టి ఉంటే సరిపోయేది.

మనుషులు ఎందుకు ఊరుకుంటారో మనస్తత్వ శాస్త్రవేత్తలు బాగానే పరిశీలించారు. 1950ల మొదట్లో సాలమన్ ఆష్ చేసిన ప్రయోగాలు చాలామందికి తెలిసినవే. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదో చెప్పమంటారు, చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేంత తేలిక. కానీ గదిలో మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని కావాలని తప్పు చెబుతుంటే, నిజంగా పరీక్షకి వచ్చిన మనిషి జవాబుల్లో సుమారు మూడో వంతు ఆ తప్పు వైపే పోయాయి. నలుగురితో పాటు నారాయణ అన్నట్టు. ఆ ప్రయోగంలోనే ఇంకో సంగతి ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు. గుంపులో ఇంకొక్కరు ధైర్యంగా సరైన జవాబు చెబితే చాలు, ఈ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. అందుకే మీటింగులో మొదటగా నోరు విప్పి "నాకు ఒక సందేహం ఉంది" అన్న మనిషి తన కోసం మాత్రమే మాట్లాడటం లేదు.

1961లో క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడికి అమెరికా అధ్యక్షుడు కెనెడీ బృందం ఒప్పుకున్నప్పుడు, సలహాదారుల్లో ఒకరైన చరిత్రకారుడు ఆర్థర్ ష్లెసింజర్‌కి అది నచ్చలేదు, అయినా కీలకమైన చర్చల్లో ఆయన మౌనంగా ఉండిపోయారు, తర్వాత దానికి తనని తాను నిందించుకున్నారు. మనస్తత్వ శాస్త్రవేత్త ఇర్వింగ్ జానిస్ 1972లో గ్రూప్‌థింక్ గురించి, అంటే గుంపులో ఒకటిగా ఉండాలనే తపనతో సందేహాలు మింగేయడం గురించి, రాసినప్పుడు ఘోరంగా విఫలమైన ఈ దాడినే ముఖ్య ఉదాహరణగా తీసుకున్నారు. బయటనుంచి చూసేవాళ్లకి అది కన్సెన్సస్ లాగే కనిపించి ఉంటుంది.

మరి "మీకు ఓకేనా" అని కాకుండా ఎలా అడగాలి?

ప్రశ్నని తిప్పి అడగండి. "అందరికీ ఓకేనా" అంటే కాదనడానికి ధైర్యం కావాలి. "ఇందులో మీకు ఇబ్బంది ఏముంది" అంటే ఇబ్బంది ఉండటం సహజమే అని మీరే ఒప్పుకున్నట్టు, అప్పుడు చెప్పడం తేలిక. ఇంగ్లీషులో "కెన్ ఎవ్రీవన్ లివ్ విత్ దిస్?" అని అడుగుతారు, నాకు చాలా ఇష్టమైన వాక్యం అది, ఎందుకంటే నచ్చిందా అని అడగడం లేదు, దీనితో మీరు నెట్టుకురాగలరా అని అడుగుతోంది. అడిగాక ఆగండి. నిజంగా ఆగండి, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు. వయసులోనో హోదాలోనో చిన్నవాళ్లని ముందు మాట్లాడనిస్తే ఇంకా మంచిది, పెద్దవాళ్లు ముందు చెప్పేస్తే మిగతావాళ్ల నోళ్లు మూతపడతాయి.

ఒక్కరే అడ్డం తిరిగితే? అందరం ఆగిపోవాల్సిందేనా?

అడ్డు చెప్పినవాళ్లు ఏం చెబుతున్నారో దాన్ని బట్టి. ఈ పద్ధతిని ఎప్పటి నుంచో వాడే గుంపుల్లో మధ్యస్థంగా ఒక మెట్టు ఉంటుంది, "స్టాండ్ అసైడ్" అంటారు. నాకు ఇది నచ్చలేదు, నా అభ్యంతరం రాసి పెట్టండి, కానీ మిమ్మల్ని ఆపను అని. దాని తర్వాతి మెట్టు "బ్లాక్", ఇది జరగకూడదు అని గట్టిగా నిలబడటం. బ్లాక్ చాలా అరుదుగా, గుంపు ఉద్దేశానికే దెబ్బ తగులుతుందనుకున్నప్పుడు వాడాల్సినది, నాకు ఈ రంగు నచ్చలేదు లాంటి వాటికి కాదు.

ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ వాళ్ల దారి నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపిస్తుంది. ఇంటర్నెట్‌ని తీర్చిదిద్దినవాళ్లలో ఒకరైన డేవిడ్ క్లార్క్ 1992లో చెప్పిన మాట వాళ్లకి దాదాపు నినాదం అయింది: రాజులూ వద్దు, అధ్యక్షులూ వద్దు, ఓటింగూ వద్దు, మాకు రఫ్ కన్సెన్సస్, పనిచేసే ప్రోగ్రామ్ చాలు. వాళ్ల సమావేశాల్లో చేతులెత్తి లెక్కపెట్టకుండా "ఊఁ" అని గొంతులోనే హమ్ చేసే సంప్రదాయం ఉంది, ఎటు శబ్దం ఎక్కువుందో చూసి గది మనసు ఎటుందో అంచనా వేస్తారు. అక్కడితో అయిపోదు. 2014లో వాళ్లు వెలువరించిన ఒక పత్రంలో రఫ్ కన్సెన్సస్ అంటే ఏమిటో విడమరచి చెప్పారు: ప్రతి అభ్యంతరానికీ జవాబు వెతికి ఉండాలి, అభ్యంతరం చెప్పినవాళ్లు కోరినట్టే మార్చాలని మాత్రం లేదు. వంద మంది అవునని, ఐదుగురు కాదన్నా కన్సెన్సస్ లేకపోవచ్చు, ఆ ఐదుగురి ప్రశ్నకి జవాబు దొరకకపోతే. ఐదుగురే అవునని, వంద మంది కాదన్నా కన్సెన్సస్ ఉండవచ్చు, ఆ వంద మంది కారణాలకీ తగిన జవాబు అప్పటికే చెప్పేసి ఉంటే. మొదటిసారి చదివినప్పుడు నాకు వింతగా అనిపించింది, ఇప్పుడు చాలా సరైన మాట అనిపిస్తోంది.

పెద్ద పెద్ద సంస్థలు నిజంగా ఇలా నడుస్తాయా?

నడుస్తాయి, నెమ్మదిగా. సైనిక కూటమి నాటోలో 32 దేశాలు, అక్కడ ఓటింగ్ పెట్టరు, అన్నీ కన్సెన్సస్‌తోనే. ఆగ్నేయాసియా దేశాల ఆసియాన్ తన చార్టర్‌లోనే సంప్రదింపులు, కన్సెన్సస్ తమ మూల పద్ధతి అని రాసుకుంది. వాతావరణ మార్పుల మీద జరిగే ఐక్యరాజ్యసమితి సదస్సుల సంగతి ఇంకా విచిత్రం. ఓటింగ్ ఎలా జరగాలనే నియమం మీదే దేశాలకి కుదరలేదు, ఆ నియమం ఈనాటికీ ఆమోదం పొందలేదు, దాంతో ముఖ్యమైన నిర్ణయాలు కన్సెన్సస్‌తోనే జరుగుతూ వస్తున్నాయి. 2015 డిసెంబర్ 12న పారిస్ ఒప్పందం అలాగే వచ్చింది.

కుదరని సందర్భాలూ ఉన్నాయి. సముద్ర చట్టం మీద ఐక్యరాజ్యసమితి సదస్సు 1973లో మొదలైంది. కన్సెన్సస్ కోసం చేయగలిగినదంతా చేశాకే ఓటింగ్‌కి పోవాలని పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు, ఏళ్లపాటు అలాగే నడిపారు. చివరికి 1982లో ఓటింగ్ తప్పలేదు, 130 అనుకూలం, 4 వ్యతిరేకం, 17 తటస్థం. ఇది కన్సెన్సస్ ఓడిపోయిన కథ అని కొందరంటారు. నేను అలా చూడను, అన్నేళ్లు ఓటు దాకా పోకుండా కూర్చుని మాట్లాడబట్టే అంత పెద్ద ఒడంబడికకి 130 ఓట్లు వచ్చాయని నా నమ్మకం.

సైంటిఫిక్ కన్సెన్సస్ అంటే శాస్త్రవేత్తలు ఓటు వేస్తారా?

వేయరు. ఒక ప్రశ్న మీద వేర్వేరు చోట్ల, వేర్వేరు పద్ధతుల్లో పనిచేసినవాళ్ల ఆధారాలు ఒకే వైపు చూపిస్తున్నప్పుడు, ఆ రంగంలో పనిచేసేవాళ్లలో చాలా ఎక్కువమంది దాన్ని ఒప్పుకున్న స్థితిని అలా అంటారు. 2006లో ప్లూటో గురించి అంతర్జాతీయ ఖగోళ సంఘం ఓటు వేసింది నిజమే, కానీ అది గ్రహం అనే మాటకి నిర్వచనం గురించి, ప్లూటో ఎలా ఉంటుందన్న దాని గురించి కాదు.

ఇది మారదా అంటే మారుతుంది, ఆధారాలతో మారుతుంది. కడుపులో పుండ్లకి టెన్షన్, యాసిడ్ కారణమని చాలాకాలం అందరూ అనుకున్నారు. 1980లలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా పాత్ర చూపించారు, మొదట్లో నమ్మినవాళ్లు తక్కువ, 2005లో వాళ్లకి నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కథ చెప్పి "కన్సెన్సస్‌ని నమ్మక్కర్లేదు" అనేవాళ్లున్నారు. వాళ్లు మర్చిపోయేది ఏమిటంటే, వారెన్, మార్షల్ గెలిచింది ఎదురు మాట్లాడినందుకు కాదు, ఇతరులు మళ్లీ చేసి చూసుకోగలిగిన ఆధారం చూపించినందుకు.

కంప్యూటర్లలో, షేర్ మార్కెట్‌లో కూడా ఈ మాట వినిపిస్తుంది. అదీ ఇదేనా?

కంప్యూటర్ల విషయంలో దగ్గరగానే ఉంటుంది. చాలా యంత్రాలు కలిసి పనిచేసేటప్పుడు, వాటిలో కొన్ని ఆగిపోయినా మిగతావి ఒకే విలువ మీద ఒప్పుకోవాలి. కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన పాక్సోస్, 2014లో వచ్చిన రాఫ్ట్ అనే పద్ధతులు దానికోసమే, ఐదు యంత్రాలుంటే రెండు పాడైనా పని సాగుతుంది. అయితే యంత్రాలకి అభ్యంతరాలు ఉండవు, సగానికి పైగా ఒప్పుకుంటే చాలు, కాబట్టి ఇక్కడ వింటున్న కన్సెన్సస్ నిజానికి మెజారిటీకే చుట్టం.

షేర్ మార్కెట్‌లో "కన్సెన్సస్ ఎస్టిమేట్" అంటే ఒక కంపెనీ లాభం మీద వేర్వేరు విశ్లేషకులు వేసిన అంచనాల సగటు. వాళ్లెవరూ ఒకచోట కూర్చోలేదు, దేనికీ ఒప్పుకోలేదు. జీవశాస్త్రంలో "కన్సెన్సస్ సీక్వెన్స్" కూడా అలాంటిదే, ఎన్నో డీఎన్ఏ వరుసల్ని పక్కపక్కన పెట్టి ఒక్కో స్థానంలో ఎక్కువగా కనిపించే అక్షరాన్ని తీసుకుని కూర్చిన వరుస. బ్యాక్టీరియాలో జన్యువు చదవడం మొదలయ్యే చోటికి కాస్త ముందుండే ఆరు అక్షరాల వరుస పేరున్న ఉదాహరణ, అచ్చం ఆ ఆరు అక్షరాలూ ఉన్న జన్యువులు మాత్రం కొన్నే. మొదటి చోట ఆ మాటకి "సగటు" అని, రెండో చోట "ఎక్కువగా కనిపించేది" అని అర్థం చెప్పుకోండి, ఏకాభిప్రాయం అని అనువదించకండి.

చివరిగా, మినిట్స్‌లో ఎలా రాస్తే సరిగ్గా ఉంటుంది?

ఏం జరిగిందో అదే రాయండి. అభ్యంతరాలు అడిగారు, చెప్పినవాటిని చర్చించారు, మార్పు చేశారు, ఇక ఎవరూ ఆపలేదు అంటే ధైర్యంగా "ది గ్రూప్ రీచ్డ్ ఎ కన్సెన్సస్ ఆన్..." అని రాసి ఏ మార్పుతో కుదిరిందో కూడా ఒక వాక్యం చేర్చండి. ఒకరు పక్కకి తప్పుకుంటే వాళ్లు ఒప్పుకుంటే పేరుతో, లేకపోతే "వన్ మెంబర్ స్టుడ్ అసైడ్" అని రాయండి. ఓటు జరిగితే అంకెలు రాయండి. ఎవరూ ఏమీ అనకపోతే "నో ఆబ్జెక్షన్స్ వర్ రైజ్డ్" అని రాయండి, అది ఉన్నమాట, దానికన్నా ఎక్కువ ఏమీ చెప్పదు. అడగనే లేదంటే, పెన్ను పక్కన పెట్టి, మీటింగ్ ముగిసేలోపు చెయ్యెత్తి "ఇది రాసే ముందు ఒక్కసారి అందరినీ అడుగుదామా అండీ" అనండి.